బీలాకు మేనత్త ఉంది

కోటో లిమావు అనే ఊళ్లో దారిన పోయే పిల్లను ఆపి "ఎవరి పిల్లవి?" అని ఎవరూ అడగరు. "ఏ ఇంటి పిల్లవి?" అని అడుగుతారు. ఇల్లంటే తల్లి ఇల్లు. తల్లి ఇల్లంటే ఆమె తల్లి ఇల్లు. వరిమడీ, చేపల గుంటా, ఎద్దుకొమ్ముల్లా రెండు కొసలూ పైకి లేచిన కప్పు కింద వరసగా ఉండే గదులూ ఆడవారి నుంచి ఆడవారికే దిగుతాయి. మగవాడు పెళ్లినాడు ఆ ఇంటి మెట్లెక్కుతాడు; కాపురం చెడిననాడు సంచీ ఒకటి చేతబట్టుకుని అవే మెట్లు దిగుతాడు. కాబట్టి, ఆలుమగలు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలనే ప్రశ్న తమ ఊళ్లో పుట్టనే పుట్టదని అక్కడి పెద్దలు చాలాకాలం గర్వంగా చెప్పుకున్నారు. ప్రశ్న పుట్టకపోవడం వేరు, పుట్టిన ప్రశ్నను ఎవరూ పైకి అడగకపోవడం వేరు. ఆ తేడా ఊరికి తెలిసివచ్చింది యుస్నిమార్ వల్ల.

యుస్నిమార్ లామాంగ్ చేసి అమ్మేది. లేత వెదురు గొట్టంలో అరటాకు చుట్టి, జిగురు బియ్యమూ కొబ్బరిపాలూ పోసి, నిప్పుల వరస పక్కన ఏటవాలుగా నిలబెట్టి కాల్చే వంట అది. నిప్పు మీద పెట్టేది కాదు, నిప్పు పక్కన నిలిపేది. గొట్టాన్ని తిప్పుతూ ఉండాలి, తిప్పడం మరిచితే ఒక పక్క మాడి మరో పక్క పచ్చిగా ఉంటుంది. ఆమె పొగలో కళ్లు చికిలించుకుని, నోట్లో తమలపాకు నములుతూ, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ వరస వెంట ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేది. బుధవారం సంతలో ఆమె బుట్ట ముందుగా ఖాళీ అయ్యేది. బేరమాడేవారితో, "బేరం వెదురుతో ఆడండి, అది కోయించుకోవడానికి ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా" అనేది.

ఆమెకు పెళ్లయింది. భర్త దర్జీ, నెమ్మదైన మనిషి. కొన్నేళ్లకే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఆ ఊళ్లో ఆడపిల్ల లేని ఇంటికి పెద్ద పేరేమీ ఉండదు, అది ముగిసిపోయే ఇల్లు. అయినా ఆమె చివరి గదిని ఎవరికీ ఇవ్వలేదు. అందులో ఆమె తల్లి, పుట్టబోయే మనవరాలికని బంగారు దారంతో కుట్టిన మంచం తెర మడతలు విప్పకుండా ఉండేది. యుస్నిమార్ పిన్ని కూతురు రిస్మా, భర్తతో, చంటిపిల్లతో బుకిత్తింగిలో ఇరుకు అద్దెగదిలో ఉండేది. వంశం ఒకటే కనుక ఆ గది అడగడానికి ఆమెకు హక్కుంది, అడిగింది కూడా. "కప్పు కారుతోందే రిస్మా, చంటిదాన్ని తడుపుతావా?" అని ఒకసారి, "చెదలు పట్టిందే" అని మరొకసారి యుస్నిమార్ దాటవేసింది. కప్పు కారడం లేదని రిస్మాకూ తెలుసు.

ఇక్కడ బాకో సంగతి చెప్పుకోవాలి, అది లేకుంటే ఈ కథకు కాళ్లు లేవు. తండ్రి పుట్టింటివారిని ఆ ఊళ్లో బాకో అంటారు. పిల్ల వారి ఇంటిది కాదు, వారి ఆస్తిలో చిల్లిగవ్వ ఆ పిల్లకు రాదు. కాని పసిబిడ్డను తొలిసారి ఏటికి తీసుకుపోయి నీళ్లు పోసేది బాకో. ఖురాన్ పారాయణం పూర్తిచేసిన పండుగకు ముందురోజు పిల్లను తమ ఇంటికి తెచ్చుకుని, తెల్లవారి కొత్తబట్టలు తొడిగి, ఊరంతా చూస్తుండగా తల్లి ఇంటికి ఊరేగించి అప్పగించేది బాకో. బాకో అంటే ముఖ్యంగా మేనత్త. బాధ్యత తల్లి ఇంటిది, పిల్లకు దారి చూపే చెయ్యి మేనమామది, మురిపెం మేనత్తది. ఈ పంపకం ఎవరు చేశారో గాని లోకం తెలిసినవారే చేశారు.

యుస్నిమార్ తమ్ముడు హెంద్రిజాల్ కూతురు బీలా. మరాపి కొండ మీద నుంచి దిగే ఏటినీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఆ నీళ్లలో దిగినవారికి తెలుసు. బీలాను తొలి స్నానానికి తీసుకుపోయిననాడు యుస్నిమార్ ప్రతి రాయినీ కాలితో తడిమి చూసుకుంటూ దిగింది. నీళ్లు పోస్తే బిడ్డ ఏడవలేదు, తుమ్మింది. గట్టున ఉన్న ఆడవాళ్లు, "మేనత్తను చూసి తుమ్మింది, దీనికి ఈమెతో వేగడం కష్టమే" అని నవ్వారు. ఆ తుమ్ము గురించి యుస్నిమార్ ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

బీలా బడికి వెళ్లే వయసు వచ్చాక తల్లిదండ్రులు విడిపోయారు. హెంద్రిజాల్‌కు పెకన్‌బారులో మోటారు సైకిళ్ల టైర్ల దుకాణం. ఎల్వీరా ఇక్కడి చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమె తల్లి ఇల్లు వదిలి రాలేనంది, అతడు దుకాణం వదిలి రాలేనన్నాడు. ఇద్దరి మధ్య పరాయి మనిషి ఎవరూ లేరు, రోడ్డు ఉంది. అదే పెరిగి పెరిగి జిల్లా కేంద్రంలోని మత న్యాయస్థానం దాకా తీసుకుపోయింది.

న్యాయమూర్తి ఓపిక గల మనిషి. బిడ్డకు పన్నెండేళ్లు నిండేదాకా తల్లి దగ్గర పెరగాలని, ఖర్చు తండ్రి భరించాలని, సెలవురోజుల్లో బిడ్డను చూసే హక్కు తండ్రికి ఉందని, పన్నెండు నిండాక ఎవరి దగ్గర ఉంటానో బిడ్డ చెప్పుకోవచ్చని విడమరిచి చెప్పాడు. అందరూ తలలూపారు. కాని ఒకే మాటను ముగ్గురు మూడు విధాలుగా విన్నారు. ఎల్వీరా అన్నగారు దాతుక్ స్యాఫ్రినాల్, ఆ వంశానికి పెద్ద, బీలాకు మేనమామ. "పిల్ల మాది" అన్నంతవరకే విన్నాడు. హెంద్రిజాల్ "పన్నెండు నిండాక నాది" అని విన్నాడు. యుస్నిమార్ మాత్రం చెప్పని మాట ఒకటి మిగిలిపోయిందని గమనించి, తిరుగు ప్రయాణంలో వ్యానులోనే తమ్ముణ్ణి అడిగింది.

"జాల్, పిల్లను చూడొచ్చన్నారు కదా. ఎక్కడ చూస్తావు?"

"ఎక్కడేంటి ఉనీ? వాళ్లింటికెళ్లి చూస్తా." ఉనీ అంటే అక్క.

"ఏమని ఎక్కుతావు ఆ మెట్లు?"

"తండ్రినని."

"ఆ మెట్ల మీద తండ్రికి చోటెక్కడుందిరా? అల్లుడికుంది. ఆ అల్లుడు పొద్దున కోర్టులో సంతకం పెట్టి దిగిపోయాడు."

ఆమె అన్నట్టే అయింది. విడాకులైన మగవాడు ఆ ఇంటి మెట్లెక్కడం ఇరువైపులా సిగ్గే. హెంద్రిజాల్ రోడ్డు మలుపులో బండి ఆపుకుని నిలబడేవాడు. బీలా బడి సంచితో వచ్చి బండి మీదే కూర్చుని, అతడు కొనితెచ్చిన వేయించిన నూడుల్స్ తినేది. ఒకనాడు వాన. తండ్రి తన చొక్కా విప్పి కూతురి తలమీద గొడుగులా పట్టాడు. సంతనుంచి వస్తూ యుస్నిమార్ అది చూసింది. "ఒరే, కన్నబిడ్డను చూసుకోడానికొచ్చావా, కోడిని ఎత్తుకుపోడానికొచ్చావా?" అని కసిరి, ఇద్దరినీ తన ఇంటికి నడిపించి తల తుడిచింది.

ఆ వారమే ఆమె తాంబూలపు పళ్లెం పట్టుకుని దాతుక్ ఇంటికి, అంటే ఏటి అవతల ఎల్వీరా తల్లి ఇంటికి, వెళ్లింది. బడి సెలవుల్లో బీలా మేనత్త ఇంట్లో ఉండేట్టు, తండ్రి అక్కడికే వచ్చి చూసుకునేట్టు మాట కుదుర్చుకుంది. చెప్పిన రోజున చీకటిపడకముందే పిల్లను దింపాలి. అంతే షరతు.

సెలవులొచ్చాయి. బీలా లామాంగ్ పొయ్యి దగ్గర చేరి అరటాకులు చుట్టడం నేర్చుకుంది, చేతులు మసి చేసుకుంది, గొట్టాలకు పేర్లు పెట్టింది. కారినదానికి "ఏడుపు మొహం" అని పేరు. హెంద్రిజాల్ వచ్చి రెండుపూటలా కూతురితో కూర్చుని తిన్నాడు. దింపవలసిన రోజు పొద్దున అతడు పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"ఉనీ, ఇవాళ దింపొద్దు."

"ఒంట్లో బాలేదా పిల్లకి?"

"బాగానే ఉంది. ఇక్కడి బళ్లో చేర్పిస్తా, హెడ్మాస్టరుతో మాట్లాడా. నీకూ తోడవుతుంది. ఆ చివరి గది ఎవరికోసం దాచావు చెప్పు? ఉన్నది మన ఇద్దరం. మనకున్నది బీలా."

యుస్నిమార్ గొట్టం ఒకటి తిప్పింది, మరొకటి తిప్పింది. మధ్యాహ్నం చివరి గది తాళం తీసింది. ఊడ్చింది, చాపను ఎండలో వేసింది, తల్లి కుట్టిన తెరను మడతలు విప్పి మంచానికి కట్టింది. అవతలి ఒడ్డుకు పోయే చివరి వ్యాను వేళ దాటిపోయింది. దాటిపోతోందని ఆమెకు తెలుసు.

మరునాడు పొద్దున బీలా ఆ మంచం మీద లేచి కూర్చుని, తెర మీది బంగారు పువ్వును వేలితో గీకుతూ అడిగింది. ఏతెక్ అంటే అక్కడ అత్త.

"ఏతెక్, ఈ గది ఎవరిది?"

"మా ఇంటి ఆడపిల్లది."

"ఏదీ?"

"ఇంకా పుట్టలేదు."

బీలా పువ్వును గీకడం ఆపింది. "నేను అమ్మ ఇంటి పిల్లను కదా. మరి మీ పిల్ల వస్తే నేనెక్కడ పడుకోవాలి?"

యుస్నిమార్ ఆ పిల్లకు మొహం కడిగి, జడ వేసి, అన్నం పెట్టి, మొదటి వ్యాను ఎక్కించింది. హెంద్రిజాల్ వ్యాను తలుపు పట్టుకుని వదలలేదు.

"నువ్వు నాకు అక్కవా, వాళ్లకి వకీలువా?"

"ఇద్దరినీ కాదు. దాని మేనత్తను. చెయ్యి తియ్యి, వేలు నలుగుతుంది."

దాతుక్ ఇంట్లో ఎవరూ రాత్రి నిద్రపోలేదని ఆ మెట్ల దగ్గరే తెలిసింది. ఎల్వీరా కళ్లు వాచి ఉన్నాయి. అమ్మమ్మ మెట్లపక్క తొట్టిలోని నీళ్లతో మనవరాలి కాళ్లు కడిగి లోపలికి తీసుకుపోయింది. యుస్నిమార్ కాళ్లకు ముంత అందించలేదు. ఆ ఊళ్లో దీనికి మించిన తిట్టు లేదు. దాతుక్ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "సెలవులు అయిపోయాయి, యుస్" అన్నాడు. మళ్లీ రావని ఆ గొంతులో ఉంది.

తరువాతి బుధవారం సంతలో పక్కన మిరపకాయలమ్మే మర్నిస్ కబురు చెప్పింది. మర్నిస్ సరుకుకూ మాటకూ ఘాటు ఒకటే.

"యుస్, నీ కొలువు ఊడిందటగా."

"నేనెవరి దగ్గర కొలువు చేశానే?"

"మేనత్త కొలువు. వచ్చే నెల బీలా పారాయణ పండగకి దాతుక్ వాళ్లు వేరే బాకోని పెట్టుకుంటున్నారు. ఎగువ వీధి జుస్నా వాళ్లని. ఆవిడ అప్పుడే కొత్త రవిక కుట్టడానికిచ్చింది."

"బీలా తండ్రి బతికే ఉన్నాడే."

"నేనూ అదే అన్నా. జుస్నా ఏమందంటే, ‘నాకేం తెలుసమ్మా, పిలిచారు, పోతున్నా’ అంది."

బాకోను పెట్టుకోవడం అనే ఆచారం అక్కడ లేకపోలేదు. జావా నుంచి వచ్చిన సిపాయినో, సముద్రం దాటివచ్చిన బట్టల వర్తకుణ్ణో పెళ్లాడితే, ఆ పిల్లలకు ఊళ్లో తండ్రి తరఫువారుండరు. అటువంటి పిల్ల పండుగనాడు చిన్నబోకూడదని, ఊళ్లోని ఒక ఇంటివారు బాకోగా నిలబడతారు. దయగల ఆచారమే. కాని ఏటికి అవతలి ఒడ్డున పుట్టి పెరిగిన తండ్రి ఉండగా ఆ పని చేస్తే అర్థం మారుతుంది. ఈ పిల్లకు తండ్రి లేడని తల్లి ఇంటివారే ఊరందరి ముందు చాటినట్టవుతుంది. రేపు ఆ పిల్ల పెళ్లిమాటల్లో మొట్టమొదట అడిగే ప్రశ్న బాకో ఎవరనే. కోపంలో తలుపు వేసేవాడు తన వేలు సందులో ఉందేమో చూసుకోడు. దాతుక్ వంటి నిదానస్తుడికి కూడా ఆ వేలు కనిపించలేదు.

హెంద్రిజాల్ కోర్టు కాగితం పట్టుకుని పెకన్‌బారు నుంచి ఊడిపడ్డాడు.

"పోలీసుల్ని తీసుకెళ్తా ఉనీ. చూసే హక్కుందని ఇందులో రాసుంది."

"తీసుకెళ్లు. పోలీసు తలుపు తీయిస్తాడు. చాప వేయిస్తాడా? కాళ్లకి నీళ్లిప్పిస్తాడా?"

"అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?"

"నోరు ముడుచుకో, చాలు. ఆ రోజు పిల్లని ఆపింది నువ్వే అనుకుంటున్నారు. కాదు."

"నేనే కదా ఆపమన్నది?"

"నువ్వు ఆపమన్నావు. ఆపింది నేను."

ఆమె ఉతికిన బట్టలు కట్టుకుని, తాంబూలపు పళ్లెం మీద గుడ్డ కప్పి, మధ్యాహ్నపు నమాజు అయ్యాక బయలుదేరింది. తాంబూలంతో వచ్చిన మనిషిని కింద నిలబెట్టడం ఎంత కోపంలోనైనా ఆ ఊరివారికి చేతకాదు. అమ్మమ్మ ముంత అందించలేదు, కాని తొట్టి మీది మూత తీసింది. యుస్నిమార్ తానే నీళ్లు తీసుకుని కాళ్లు కడుక్కుని ఎక్కింది.

దాతుక్ చాప మీద కూర్చున్నాడు. తెర వెనుక ఎల్వీరా గాజుల చప్పుడు వినిపిస్తోంది. ఆకు చుట్టడం, నమలడం, పొలాల నీటి సంగతి అడగడం అయ్యాయి. ఆ తంతులో తొందరపడేవారి మాటకు విలువ ఉండదు.

"నేను రెండు మాటలు చెప్పుకోడానికొచ్చాను, దాతుక్."

"చెప్పు."

"ఆ రోజు పిల్లని ఆపింది నేను. జాల్ అడిగాడు, నిజమే. వ్యాను వేళకి పిల్ల చెయ్యి పట్టుకుని నడిస్తే అయిపోయేది. నడవలేదు. చివరి గది ఊడ్చుకుంటూ కూర్చున్నా. మీరందరూ నిద్రలేకుండా ఉన్న రాత్రి అది మా అమ్మ కుట్టిన తెర కింద పడుకుంది. నాకు ఎంత బాగుందో చెప్తే మీకు కోపం వస్తుంది."

తెర వెనుక గాజులు ఆగాయి.

"రెండోది?"

"జుస్నాని పెట్టుకుంటే బీలా పండగ బాగానే జరుగుతుంది. జుస్నా మంచిదే. కానీ రేపు ఎవరైనా దాన్ని మీ నాన్న ఏ ఇంటివాడే అనడిగితే, జుస్నా ఇంటి వైపు చూపించాలా? అది అబద్ధం చెప్పే పిల్ల కాదు. మీరే నేర్పినవాళ్లవుతారు."

దాతుక్ ఆమె తెచ్చిన పళ్లెంలోంచి ఇంకో ఆకు తీసి చుట్టుకున్నాడు. ఆ ఆకు తీసుకోవడంలో ఒప్పుకోలు సగం ఉంది. మిగిలిన సగం అతడు చెప్పాడు.

"పరాయివాళ్లని పెట్టుకోవడం తొందరపాటే. ఒప్పుకుంటా. కానీ యుస్, మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉన్నంతకాలం మా పిల్లని నీ గడప దాటించలేను. నువ్వు చెడ్డదానివని కాదు. ఆకలిగా ఉన్న మనిషికి అన్నం కుండ ఇచ్చి కాపలా కాయమనకూడదు. ఆ తప్పు ఇచ్చినవాడిదే."

ఇంత గౌరవంగా, ఇంత కోసేట్టుగా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. వాదించడానికి ఆమెకు మాటలున్నాయి. సంతలో పెరిగిన నోరు. కాని ఆమె ఆకు నమలడం ఆపి, "మీరన్నది నిజం" అంది. పళ్లెం అక్కడే వదిలి, కిందికి దిగి నడిచింది.

దారిలో వరిమళ్ల గట్టున కూర్చుని చాలాసేపు కొండవైపు చూసింది. ఆ గట్టునే ఫోను తీసి రిస్మాకు చేసింది.

"ఏం ఉనీ, ఒంట్లో బాగుందా?"

"బాగుంది. గది కావాలన్నావుగా. వచ్చెయ్యండి."

 "కప్పు కారుతోందన్నావు?"

"మానేసింది."

"చెదలో?"

"చెదలూ నీలాగే, అడిగి అడిగి విసిగి పోయాయి. వస్తావా, రావా?"

రిస్మా భర్తతో, చంటిపిల్లతో, ఒక కుట్టు మిషనుతో వారం తిరక్కముందే వచ్చింది. యుస్నిమార్ తెరను విప్పి దులిపి, మళ్లీ తానే మంచానికి కట్టింది. "ఇది పెద్దమ్మ నీ కూతురికని కుట్టింది కదా, దాచుకో" అని రిస్మా నొచ్చుకుంది. "తెర మంచానికి కడతారు, పెట్టెకి కాదు" అని ఆమె కొసలు సరిచేసింది. ఆ ఇల్లు ఇక ముగిసిపోయే ఇల్లు కాదు. ఆమె కలగన్నట్టుగా కాకపోయినా, అది నిలబడింది. దీన్ని త్యాగమని పొగిడినవారున్నారు. ఆ మాట వింటే ఆమెకు నవ్వొచ్చేది. ఇల్లు సర్దుకున్నానని మాత్రమే అనేది. పెద్ద పనికి చిన్న పేరు పెట్టగలిగినవారు అరుదు. పేరు చిన్నదైతే మోయడం తేలికవుతుందని వారికి ఎవరు నేర్పుతారో తెలియదు.

ఆమె దాతుక్ ఇంటికి కబురు పంపలేదు. అటువంటి కబుర్లు ఊరే మోస్తుంది. ఒక పొద్దున దాతుక్ తానే లామాంగ్ పొయ్యి దగ్గరికి వచ్చాడు. తీగ మీద ఆరుతున్న పసిపిల్ల బట్టలను చూశాడు. యుస్నిమార్ కొబ్బరిచిప్పలో కాఫీ ఆకుల కషాయం పోసి ఇచ్చింది. అది తాగడం పూర్తయ్యేసరికి ఏర్పాటు కుదిరింది. బీలా తల్లి ఇంట్లోనే పెరుగుతుంది. గురువారం బడి వదిలాక మేనత్త ఇంటికి వస్తుంది, శుక్రవారం మధ్యాహ్నపు నమాజు వేళకు తిరిగి చేరుతుంది. తండ్రి వచ్చేది అక్కడికే. తీసుకువచ్చేదీ దింపేదీ యుస్నిమార్ ఒక్కతే. ఆలస్యమయ్యేట్టుంటే ముందుగా ఫోను చేయాలి. పండుగలకు బాకో మర్యాదలన్నీ మునుపటిలాగే జరగాలి.

"జాల్ ఒప్పుకుంటాడా?" అన్నాడు దాతుక్.

"వాడిది నాకు వదిలెయ్యండి."

హెంద్రిజాల్ ఒప్పుకోవడానికి గింజుకున్నాడు. "సొంత కూతుర్ని చూడ్డానికి అక్క ఇంటికి చుట్టంలా రావాలా నేను?"

"ఈ ఊళ్లో మగాళ్లందరూ చుట్టాల్లాగే బతుకుతార్రా. నీకొక్కడికే కొత్తా?"

"పన్నెండు నిండాక అడుగుతా కోర్టులో."

"అడుగు. అప్పటిదాకా పిల్లతో ఆ మాట అనకు. రోజూ తూకంలో కూర్చోబెడితే పిల్ల ఎదగదు. గురువారాలు తప్పకుండా రా. అది నీకు అలవాటు పడాలి, నువ్వు దానికి అలవాటు పడాలి. ఎంచుకోడానికి దానికో తండ్రి ఉండాలి కదా ముందు."

ఆ చివరి మాటకు అతడు తలవంచాడు. తరువాతి గురువారం దుకాణం మూసి వచ్చాడు.

జుస్నా ఇంటికి యుస్నిమార్ తానే వెళ్లింది. కొత్త రవిక ఒళ్లో పెట్టుకుని జుస్నా చిన్నబోయి కూర్చుంది. "నేను కుట్టించుకున్నానే యుస్. ఇప్పుడెవరికి చూపించను?" "తొడుక్కుని రా. నీకో పళ్లెం ఇస్తా, నా వెనకాల నడు. మోయడానికి తలలు తక్కువపడ్డాయి" అని యుస్నిమార్ పిలిచింది. ఆ ఊరేగింపులో జుస్నా అందరికంటే నిటారుగా నడిచింది.

పండుగనాడు బీలా ఎర్ర పట్టుబట్టల్లో, తలమీద బరువైన బంగారురంగు కిరీటంతో మేనత్త ఇంటి మెట్లు దిగింది. ముందు తలెంపోంగ్ గంటలు మోగాయి. వెనుక బాకో ఆడవాళ్లు తలలమీద పళ్లేలతో వరసగా నడిచారు. లామాంగ్ గొట్టాల మోపు మోసింది హెంద్రిజాల్. ఏటి వంతెన దగ్గర కిరీటం జారి కళ్లమీదికి వచ్చింది. "నాకేం కనపట్లేదు ఏతెక్" అంది బీలా. "కనపడకపోతేనేం, నా చెయ్యుందిగా, నడు" అంది యుస్నిమార్, తలమీది పళ్లెం కదలకుండా.

దాతుక్ ఇంటి మెట్ల దగ్గర అమ్మమ్మ ముంతతో నిలబడి ఉంది. ముందు మనవరాలి కాళ్లకు, ఆపైన యుస్నిమార్ కాళ్లకు నీళ్లు పోసింది. బాకోవారందరూ ఎక్కారు. హెంద్రిజాల్ మోపు మొదటి మెట్టు మీద దించి, వెనక్కి తగ్గి వాకిట్లో నిలబడ్డాడు. పైన భోజనాలకు బారులు తీరుతుంటే అతడు బండి పెట్టినచోటి వైపు చూశాడు.

దాతుక్ చాప ఒకటి చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. వాకిట్లో అరటిచెట్ల నీడన పరిచాడు. "కూర్చో జాల్. పైన ఇరుగ్గా ఉంది. నాకూ మోకాళ్లు నొప్పి" అన్నాడు. పైన ఇరుకు లేదు. వంశపెద్ద పైన లేకుండా విందు మొదలు కాదు కనుక, పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు కిటికీల దగ్గర నిలబడిపోయారు. దాతుక్ అక్కడినుంచే మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు. కిటికీలోంచి ఎల్వీరా గొంతు వినిపించింది, ఎవరితో అన్నదో తెలియదు. "కిందికి పంపే పళ్లెంలో రెండాంగ్ మాంసం ముక్కలు గట్టివి చూసి వెయ్యి. మెత్తవి తినరు."

హెంద్రిజాల్ పళ్లెం వంకే చూస్తూ తిన్నాడు. దాతుక్ పెకన్‌బారులో టైర్ల ధరలు అడుగుతూ కూర్చున్నాడు.

సాయంత్రం యుస్నిమార్ ఖాళీ పళ్లేలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని బయలుదేరింది. బీలా కిరీటం తీసేసి, నుదుటి మీద దాని ఒత్తు మచ్చతో మెట్లమీద కూర్చుని ఉంది.

"ఏతెక్, గురువారం వస్తావుగా?"

"వస్తా."

"లామాంగ్ వద్దు. నిన్నట్నుంచీ అదే తిన్నా. నాన్నని నూడుల్స్ తెమ్మను."

"నేను పొయ్యి దగ్గర పొగలో చచ్చి చేసేది వద్దు గానీ, వాడు సంతలో కొనుక్కొచ్చేది కావాలా?"

"ఊఁ."

"కారం ఎక్కువ వేయించమననా, తక్కువా?"

"ఎక్కువ," అంది బీలా. "నీకు కూడా ఒకటి తెమ్మను."